స్పీడ్ ఉన్నా పింగ్ నిలవని ఇల్లు: ఒక వై-ఫై కేస్ స్టడీ

ఈ ఇంటివాళ్లు సరైన పరిష్కారాల్లో ఒకదాన్ని, వాళ్ల వై-ఫై సరిచేయడానికి నేను వెళ్లకముందే, ప్రయత్నించి చూశారు. పనిచేయలేదని చుట్ట చుట్టి అటక మీద పెట్టేశారు. అది ఎందుకు పనిచేయనట్టు కనిపించిందో అర్థమైతే, ఇంటి వై-ఫై మీద గేమ్ ఆడేవాళ్ల ఇబ్బందుల్లో చాలావాటికి దారి దొరుకుతుంది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, ఇంటర్నెట్ ఆపరేటర్ వివరాలు ఇవ్వడం లేదు.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక పట్టణం. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్న సొంత ఇల్లు. ఇటుక గోడలు, మధ్యలో కాంక్రీట్ స్లాబ్. కింది హాల్లో టీవీ వెనక, చెక్క యూనిట్ లోపల, ఫైబర్ వచ్చి చేరే బాక్సు ఉంది. మన ఇళ్లలో సాధారణంగా కనిపించేదే: ఓఎన్‌టీ (ఫైబర్‌లోని వెలుగును నెట్ సిగ్నల్‌గా మార్చే పరికరం), రౌటర్, వై-ఫై అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఇంటి చుట్టూ నాలుగు వైర్‌లెస్ కెమెరాలు, రికార్డింగ్ అంతా క్లౌడ్‌కే వెళ్తుంది.

కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పై అంతస్తులో వెనక గదిలో ల్యాప్‌టాప్ మీద వాలొరాంట్, ఫోన్ మీద బీజీఎంఐ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లు ఆడతాడు. కాలేజీ టీమ్‌లో ఉన్నాడు కాబట్టి సరదాకి ఆడే ఆట కంటే కొంచెం ఎక్కువే. తల్లి ఇంటి నుంచే చీరల వ్యాపారం చేస్తారు. పగలు చీరల వీడియోలు తీసి, సాయంత్రం వాట్సాప్ గ్రూపుల్లోనూ యూట్యూబ్‌లోనూ పెడతారు. ఆర్డర్లు వచ్చేది కూడా ఆ వేళకే. తాతగారు కింద టీవీలో ఓటీటీ చూస్తారు. తండ్రి ఏడింటికి ఆఫీసు నుంచి వస్తారు, ఆయన ఫోన్ ఇంటి వై-ఫై పట్టగానే ఆ రోజు ఫోటోలన్నీ బ్యాకప్‌కి ఎక్కడం మొదలుపెడుతుంది.

ఈ చివరి వివరాలు సమస్యలో భాగమని ఆ ఇంట్లో ఎవరికీ అప్పటికి తెలియదు.

సమస్య

"అన్నా, స్పీడ్ టెస్ట్ పెడితే 140 వస్తోంది. గేమ్‌లో మాత్రం రాత్రి ఏడు దాటితే పింగ్ 30 నుంచి 300కి ఎగిరిపోతోంది. ఎదుటివాణ్ణి కాల్చానో లేదో నాకే తెలియట్లేదు" అన్నాడు కొడుకు. పింగ్ అంటే మన పరికరం పంపిన చిన్న సందేశం సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో.

తల్లి మాట వేరు. "వాడు గేమ్ పెట్టాడంటే నా వీడియో ఎక్కదండి. నెట్ అంతా వాడే లాగేస్తున్నాడు."

ఇంట్లో గొడవకి ఇదే మూలం. రెండుసార్లు తండ్రి బాక్సు స్విచ్ తీసేశారు కూడా. కొలవకుండానే ముందు చెప్పగలిగిన మాట ఒకటుంది కాబట్టి అది అక్కడే అందరి ముందూ చెప్పాను: ఆట నడుస్తున్నప్పుడు ఇలాంటి గేమ్ వాడేది చాలా తక్కువ, ఒక ఎంబీపీఎస్ కూడా ఉండదు. ఒక్క కెమెరా అంతకంటే ఎక్కువ వాడుతుంది. గేమ్ అప్‌డేట్ దిగుతున్నప్పుడు లెక్క వేరు, అది గిగాబైట్లలో ఉంటుంది. కానీ మ్యాచ్ ఆడుతున్న పిల్లాడు ఇంట్లో నెట్ తినేస్తున్నాడన్న నింద నిజం కాదు. ఆ పిల్లాడు రోజూ ఆ మాట పడుతున్నాడు, అది తీర్చడం కూడా నా పనిలో భాగమే అనిపించింది.

నేను వెళ్లేటప్పటికే చేసి చూసినవి

ప్లాన్ 50 ఎంబీపీఎస్ నుంచి 150కి పెంచారు. తేడా లేదు. మెట్ల దగ్గర, వై-ఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ఒకటి పెట్టారు. పై గదిలో సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి, ఆట మాత్రం ఇంకా పాడైంది. డీఎన్‌ఎస్ మార్చారు. సర్వర్ పేరుకి అడ్రస్ వెతికే పని తప్ప డీఎన్‌ఎస్‌కి మ్యాచ్ మధ్యలో పింగ్‌తో సంబంధం లేదు, కాబట్టి దానివల్ల ఏమీ మారే వీలు లేదు. పింగ్ తగ్గిస్తామనే ఒక యాప్‌కి కొన్ని నెలలు డబ్బు కట్టారు.

ముఖ్యమైనది చివరిది. స్నేహితుడు చెబితే ఒక పొడవాటి లాన్ కేబుల్ కొని, హాల్లో బాక్సు నుంచి మెట్ల మీదుగా పై గదికి లాగి, ఒక సాయంత్రం ఆడి చూశారు. మొదట బాగుంది. ఎనిమిదింటికి మళ్లీ 300. "వైర్ కూడా వేస్టే" అని తేల్చి తీసేశారు. అటక మీదకి వెళ్లింది ఆ కేబులే.

ఈ సంగతి విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వైర్ వేస్తే వై-ఫై లోపం పోవాలి. పోయినా లక్షణం మిగిలిందంటే రెండో లోపం ఎక్కడో ఉంది. రెండూ ఒకే వేళకి బయటపడుతున్నాయి కాబట్టి ఒకటిగా కనిపిస్తున్నాయి. అది అనుమానం మాత్రమే, ఇంకా కొలవాలి.

స్పీడ్ టెస్ట్‌ని ఎందుకు పక్కన పెట్టాను

స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, కొన్ని సెకన్లలో మొత్తం ఎంత డేటా వచ్చిందో చెబుతుంది. మధ్యలో అర సెకను అంతా ఆగిపోయినా సగటులో కలిసిపోతుంది. దారిలో పోయిన ప్యాకెట్లను (డేటాని ముక్కలు చేసి పంపే చిన్న మూటలను) మళ్లీ తెప్పించుకునే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది. గేమ్‌కి ఆ వెసులుబాటు లేదు. వాలొరాంట్ సర్వర్ సెకనుకి 128 సార్లు ఆట పరిస్థితిని లెక్కగడుతుంది, అంటే దాదాపు 8 మిల్లీసెకన్లకి ఒకసారి. 200 మిల్లీసెకన్లు ఆగితే పాతిక లెక్కలు దాటిపోయినట్టే. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌తో దానికి పనిలేదు, అందుకే ఇలాంటి ఆటలు, పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపని యూడీపీ అనే పద్ధతి వాడతాయి.

ఇంకొక హద్దు కూడా ముందే చెప్పాను. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ముంబైలో ఉన్న సర్వర్‌కి ఇక్కడి నుంచి వెయ్యి కిలోమీటర్లు అనుకున్నా, వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు పోతాయి. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో ఎన్నో పరికరాలు ఉంటాయి. కాబట్టి ఈ ఊళ్లో 30 అంటే మంచి పింగే. దాన్ని 10 చేస్తామని ఎవరు చెప్పినా నమ్మవద్దన్నాను. మనం సాధించాల్సింది ఆ 30ని కదలకుండా నిలబెట్టడం.

కొలత: దారిని మూడు ముక్కలు చేయడం

ల్యాప్‌టాప్ నుంచి సర్వర్ వరకు ఉన్న దారిని మూడు భాగాలుగా విడదీశాను. గది నుంచి ఇంటి రౌటర్ దాకా ఒకటి. రౌటర్ నుంచి ఆపరేటర్ మొదటి పరికరం దాకా రెండోది. అక్కడి నుంచి ముంబై దాకా మూడోది. ఒకే సమయంలో మూడు విండోల్లో మూడు చోట్లకి ఆపకుండా పింగ్ పెట్టి, సమయంతో సహా ఫైల్‌లోకి రాయించాను. మూడూ ఒకేసారి నడవాలి. ఒకదాని తర్వాత ఒకటి కొలిస్తే, ఇలా వచ్చి పోయే లోపం కొలతకు దొరకదు.

చదివే తీరు ఇది: రౌటర్‌కి పెట్టిన పింగే ఎగిరితే తప్పు ఇంటి గాలిలో, అంటే వై-ఫైలో, ఉంది. రౌటర్ నిలకడగా ఉండి ఆపరేటర్ పరికరం ఎగిరితే తప్పు లైన్ దగ్గర. ఆ రెండూ నిలకడగా ఉండి ముంబై మాత్రమే ఎగిరితే బయట ఎక్కడో. ఒక జాగ్రత్త: దారి మధ్యలో ఉన్న కొన్ని పరికరాలు పింగ్‌కి జవాబివ్వడాన్ని చివరి పనిగా పెట్టుకుంటాయి. మధ్య పరికరం 150 చూపించి, దాని తర్వాతి ముంబై 30 చూపిస్తే అక్కడ లోపం లేనట్టే. ఆ 150 చూసి ఆపరేటర్ మీద విరుచుకుపడినవాళ్లను చాలామందిని చూశాను.

ఇదే కొలత కోసం రెండో ల్యాప్‌టాప్‌ని కింద హాల్లో బాక్సుకి వైర్‌తో పెట్టాను. పైనా కిందా ఒకే సాయంత్రం, ఒకే గడియారం.

ఏడింటి వరకు అంతా బాగానే ఉంది. ఆ తర్వాత పై గదిలో రౌటర్‌కే పింగ్ 5 నుంచి 150, 200 దాకా ఎగరడం, మధ్యలో కొన్ని ప్యాకెట్లు పోవడం మొదలైంది. అంటే వై-ఫై తప్పు. కానీ అదే సమయంలో కింద వైర్‌తో ఉన్న ల్యాప్‌టాప్‌లో రౌటర్ పింగ్ ఒక మిల్లీసెకనుకి తక్కువే ఉండగా, ఆపరేటర్ మొదటి పరికరం 350 దాటింది. అంటే లైన్ తప్పు కూడా. రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకే నిమిషాల్లో ఎగురుతున్నాయి.

ఎందుకంటే రెండింటినీ కదిలిస్తున్న పని ఒకటే: అప్‌లోడ్. తల్లి పై అంతస్తు ముందు గదిలో కూర్చుని వీడియో పెడతారు. ఆమె ఫోన్ కూడా అదే రిపీటర్ మీద ఉంది. ఆ వీడియో ముందు గాలిని నింపుతుంది, తర్వాత లైన్‌ని నింపుతుంది. వైర్ వేస్తే మొదటిది పోయి రెండోది మిగులుతుంది. లైన్ బాగు చేస్తే రెండోది పోయి మొదటిది మిగులుతుంది. ఏ ఒక్కటి చేసినా పిల్లాడికి తెరమీద కనిపించేది 300 అన్న అంకె మాత్రమే. ఒంట్లో రెండు జబ్బులున్నప్పుడు ఒకదానికి మందు వేసి, జ్వరం తగ్గలేదని ఆ మందునే తప్పుపట్టినట్టు అయింది ఈ ఇంట్లో.

లైన్ లోపం ఏమిటి

ఆపరేటర్ ప్లాన్ కాగితం చూశాను. డౌన్‌లోడ్ 150, అప్‌లోడ్ 20. పాత 50 ప్లాన్‌లోనూ అప్‌లోడ్ 20యే. అంటే డబ్బు పెంచి కొన్నది పక్క వైపు రోడ్డు, రద్దీ ఉన్న వైపు అలాగే ఉంది.

అయితే 20 తక్కువేమీ కాదు. నాలుగు కెమెరాలు కలిపి ఏడెనిమిది, గేమ్ అర, ఇంకా పది దాకా మిగలాలి. చిక్కు ఎక్కడంటే, వీడియో అప్‌లోడ్ గానీ ఫోటో బ్యాకప్ గానీ మిగిలినదంతా వాడుకోవడానికే తయారై ఉంటాయి. లైన్ మోయగలిగిన దానికంటే ఎక్కువ పంపిస్తే బాక్సు ఆ ప్యాకెట్లను పారేయకుండా తన మెమరీలో (బఫర్‌లో) వరసలో పెట్టుకుంటుంది. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 20 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకి రెండున్నర మెగాబైట్లు. వరసలో ఒక మెగాబైట్ పేరుకుందంటే, దాని వెనక నిలబడ్డ గేమ్ ప్యాకెట్ బయటపడడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. ప్యాకెట్ పోలేదు, లైన్ తెగలేదు, స్పీడ్ తగ్గలేదు. ఆలస్యం అంతా ఆ వరసదే. జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ 2010లో తన ఇంటి లైన్ మీదే దీన్ని పట్టుకుని రాయడంతో బఫర్‌బ్లోట్ పేరుతో ఇది అందరి దృష్టికీ వచ్చింది.

అనుమానాన్ని ముందు ఖర్చు లేకుండా రుజువు చేసుకోవాలనుకున్నాను. తల్లిని ఒక పది నిమిషాలు వీడియో ఆపమని అడిగాను, తండ్రి ఫోన్‌లో బ్యాకప్ ఆపించాను. కింద వైర్ ల్యాప్‌టాప్‌లో 350 పోయి 30 వచ్చింది. మళ్లీ మొదలుపెట్టగానే 350. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"అయితే వాడు ఆడేటప్పుడు నేను పని ఆపుకోవాలా?" అని తల్లి అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ వేళకి ఆమె వీడియో ఆగితే ఆర్డర్లు ఆగుతాయి. ఇంట్లో ఒకరి పని ఆపి ఇంకొకరి పింగ్ కాపాడటం నా దృష్టిలో పరిష్కారం కాదు. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేకుండా లైన్ తనంతట తానే పంచుకోవాలి. అక్కడి నుంచి ప్రతి నిర్ణయానికీ ఇదే కొలమానంగా పెట్టుకున్నాను.

లైన్ వైపు ఏది పనిచేయలేదు, ఏది చేసింది

ముందు లైన్‌నే ఎంచుకున్నాను. కింద వైర్ మీద కొలవవచ్చు కాబట్టి వై-ఫై గందరగోళం మధ్యలోకి రాదు. ఫలితం ఆ ఒక్క మార్పుదే అని నమ్మకంగా చెప్పవచ్చు.

బాక్సులోనే గేమింగ్ ప్రయారిటీ అనే సెట్టింగ్ ఉంది. పిల్లాడి ల్యాప్‌టాప్‌కి పెద్దపీట వేసి చూశాం. అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ ఇంచు కూడా కదల్లేదు. ఆ సెట్టింగ్‌లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే చోటు లేదు. హద్దు లేకపోతే వరస దాని చేతికి అందని చోట, ఫైబర్ వైపు బఫర్‌లో, పేరుకుంటుంది. ముందు వెళ్లమని ఎవరికి టోకెన్ ఇచ్చినా, లోపల వరస అందరికీ ఒకటే.

కెమెరాల క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి చూశాం. కొద్దిగా ఊపిరి దొరికింది, కానీ ఫోటో బ్యాకప్ ఆ ఖాళీని కూడా నింపేసింది. గేటు ముందు మనిషి ముఖం మసకబారింది. తిరిగి పెంచేశాం.

పనిచేసింది వరసను మన చేతిలోకి తెచ్చుకోవడం. దీనికి తగిన పద్ధతులు కొత్తవేమీ కావు. కేథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ ప్రకటించారు. వరస ఎంత పొడవుందో చూడకుండా, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో చూసి అది వరసను అదుపు చేస్తుంది. దాని మీద వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్, ఆ తర్వాతి కేక్, ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరస ఇచ్చి వంతులవారీగా పంపిస్తాయి. అందువల్ల పెద్ద వీడియో వెనక చిన్న గేమ్ ప్యాకెట్ నిలబడే పని ఉండదు. కేక్ 2018లో లైనక్స్ కెర్నల్ 4.19లో చేరింది, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగిన రౌటర్లలో ఎస్‌క్యూఎం పేరుతో దీన్ని పెట్టుకోవచ్చు.

అలాంటి రౌటర్ ఒకటి కొనిపించాను. గేమింగ్ రౌటర్ అని రాసి ఉన్న, యాంటెన్నాలు ఎక్కువున్న డబ్బా కొనాలని పిల్లాడికి ఉంది. నేను చూసింది రెండే: కేక్ నడపడానికి సరిపడా ప్రాసెసర్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సపోర్ట్. ఈ పని ప్రాసెసర్ మీద భారం వేస్తుంది. మరీ చౌక రౌటర్‌లో పెడితే వరస పోతుంది, స్పీడ్ కూడా పోతుంది. 150 ఎంబీపీఎస్‌కి మధ్యరకం చాలు.

ఆపరేటర్ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా మన రౌటర్‌కి ఇచ్చే తీరులో) పెట్టమని అడిగితే కుదరదన్నారు. పట్టుబట్టి వారాలు గడపడం కంటే, బాక్సుని అలాగే ఉంచి, దాని వై-ఫై పూర్తిగా ఆపేసి, వెనక మన రౌటర్ పెట్టి, ఇంట్లో ప్రతి పరికరాన్నీ దాని మీదకి మార్చాం. ఒక్క కెమెరా పాత బాక్సు మీద మిగిలినా హద్దు లెక్క తప్పుతుంది. ఇలా పెడితే నాట్ (ఇంటి లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చడం) రెండుసార్లు జరుగుతుంది, కొన్ని ఆటల్లో వాయిస్ చాట్‌కి ఇబ్బంది రావచ్చు. అందుకని బాక్సులో డీఎంజెడ్‌గా (బయటి నుంచి వచ్చేవన్నీ పంపే చోటుగా) మన రౌటర్ అడ్రస్ ఇచ్చాను. ఈ ఇంట్లో ఇబ్బంది రాలేదు.

హద్దులు అప్‌లోడ్ 17, డౌన్‌లోడ్ 130గా పెట్టాను. కొన్న స్పీడ్‌లో కొంత వదులుకోవడం తండ్రికి నచ్చలేదు. "కట్టేది 150కి కదండీ?" అన్నారు. లైన్ కంటే మన హద్దు కాస్త తక్కువ ఉంటేనే వరస మన రౌటర్‌లో ఏర్పడుతుంది, లేకపోతే మళ్లీ ఆపరేటర్ బాక్సులోకే పోతుందని చెప్పి, హద్దు ఉన్నప్పుడు, తీసేసినప్పుడు పింగ్ ఎలా ఉందో చూపించాను. హద్దుతో, తల్లి వీడియో, తండ్రి బ్యాకప్ రెండూ నడుస్తుండగా, వైర్ ల్యాప్‌టాప్‌లో ముంబై పింగ్ 32 నుంచి 38 మధ్య ఉంది. ఆయన ఇంకేమీ అడగలేదు.

గాలి వైపు

పై గదిలో మాత్రం ఇంకా 150, 200 వస్తూనే ఉన్నాయి. ఇది ముందే ఊహించినదే, పిల్లాడికీ ముందే చెప్పి ఉంచాను. చెప్పకపోతే ఈ దశలో కొత్త రౌటర్ కూడా కేబుల్ వెంట అటక మీదకి వెళ్లేది.

రిపీటర్ సింగిల్ బ్యాండ్‌ది, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. ల్యాప్‌టాప్ పంపిన ప్రతి ప్యాకెట్‌నీ అది విని, అదే ఛానెల్‌లో మళ్లీ రౌటర్‌కి పలకాలి. ఒక ఛానెల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు, కాబట్టి ప్రతి ప్యాకెట్ గాలిని రెండుసార్లు వాడుకుంటోంది. నాలుగు కెమెరాలూ అదే ఛానెల్‌లో ఉన్నాయి. 2.4లో ఒకదాన్నొకటి తాకని ఛానెళ్లు 1, 6, 11 మూడే, చుట్టుపక్కల ఇళ్లన్నీ వాటిలోనే సర్దుకున్నాయి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయంటే, అవి రిపీటర్ ఎంత దగ్గరగా ఉందో మాత్రమే చెబుతాయి. దాని వెనక దారి ఎంత ఇరుకో చెప్పవు.

రిపీటర్ తీసేసి, కింది రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌ని నేరుగా పై గదిలో పట్టించి చూశాను. స్లాబ్ దాటి వచ్చేసరికి సిగ్నల్ మైనస్ 80 డీబీఎం దగ్గర ఉంది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ మేలు). ఆటకి మైనస్ 65కి అటూ ఇటూ ఉంటే నమ్మవచ్చు, 80 పనికిరాదు. రౌటర్‌ని చెక్క యూనిట్‌లోంచి బయటికి తీసి మెట్ల ఖాళీకి ఎదురుగా గోడ మీద ఎత్తులో పెడితే మైనస్ 70 వచ్చింది. చాలా మెరుగు. చాలా ఇళ్లలో ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఇక్కడ బీరువా ఉన్న గోడ అడ్డం, తలుపు వేస్తే ఇంకొంత పోతుంది. టోర్నమెంట్ ఆడే పిల్లాడు తలుపు వేసుకోకుండా ఉండడు.

ఈ దశలో ఇంకొక వింత కనిపించింది. లాగ్‌లో, అంటే ఫైల్‌లోకి రాయించిన కొలతల్లో, కొన్ని ఎగుడుదిగుళ్లు గడియారం పెట్టినట్టు సమాన దూరాల్లో వస్తున్నాయి. గాలిలో రద్దీ వల్ల వచ్చేవి ఇష్టం వచ్చినట్టు వస్తాయి, లెక్కగా వచ్చేవి సాధారణంగా ఏదో పరికరం చేసే పని. ల్యాప్‌టాప్ వై-ఫై చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం మధ్యమధ్యలో ఇతర ఛానెళ్లకి వెళ్లి వెతుకుతుంది, ఆ కాసేపు తన ఛానెల్‌లో ఉండదు. డ్రైవర్ కొత్తది వేసి, లొకేషన్ సర్వీస్ ఆపేస్తే అవి తగ్గాయి.

అప్పుడు వైర్ గురించి మళ్లీ మాట ఎత్తాను. పిల్లాడు "అది చూశాం కదన్నా" అన్నాడు. అప్పటికీ ఇప్పటికీ లైన్ మారిందని గుర్తుచేసి, అటక మీది కేబుల్ దింపించి, మెట్ల మీదుగానే తాత్కాలికంగా లాగి, ఎనిమిదింటికి ఆడమన్నాను. తల్లి వీడియో పెడుతున్నారు, తాతగారి టీవీ నడుస్తోంది. మ్యాచ్ మొత్తం పింగ్ 30, 33 దాటలేదు. పిల్లాడు మ్యాచ్ అయ్యాక తల్లిని అడిగాడు, "అమ్మా, నీ వీడియో ఎక్కిందా?" అని. ఎక్కింది.

అప్పుడే శాశ్వత పని మొదలుపెట్టాం. మన ఇళ్లలో గోడలు పగలకొట్టకుండా పైకి దారి దొరికే చోటు ఒకటుంది: పాత డిష్ కేబుల్ పైపు. హాల్లో టీవీ పాయింట్ నుంచి డాబా మీదకి వెళ్తూ పై అంతస్తులో ఒక బాక్సు దగ్గర తేలుతుంది. ఈ ఇంట్లో డిష్ తీసేసి చాలా కాలమైంది. ఆ పాత కోయాక్సియల్ వైర్‌నే లాగుడు తాడుగా వాడి, దాని కొసకి కొత్త క్యాట్ 6 కేబుల్ కట్టి పైకి రప్పించాం. కరెంటు వైర్లున్న పైపులో లాన్ కేబుల్ వేయవద్దని చెబుతాను, ప్రమాదం రీత్యా. కేబుల్ స్వచ్ఛమైన రాగిదే తీసుకున్నాం. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చౌక, కానీ వంపుల దగ్గర విరుగుతుంది, లోపల విరిగితే పైపులో వెతుక్కోవాలి. అటక మీది కేబుల్ అలాంటిదే అని కొస ఒలిచి చూస్తే తెలిసింది. అందుకే దాన్ని పరీక్షకే వాడాను.

పై అంతస్తులో కేబుల్ కొసకి, ఒక కేబుల్‌ని చాలా వైర్లకి పంచే చిన్న నెట్‌వర్క్ స్విచ్. అక్కడి నుంచి ఒక వైర్ ల్యాప్‌టాప్‌కి, ఇంకొకటి, ఆ వైర్ నుంచి వై-ఫై ఇచ్చే చిన్న యాక్సెస్ పాయింట్‌కి. ఫోన్ మీద బీజీఎంఐ ఆడేటప్పుడు వైర్ ఉండదు కాబట్టి ఆ యాక్సెస్ పాయింట్ ముఖ్యం. అదే గదిలో ఉంది, గోడ అడ్డం లేదు, వెనక దారి వైర్ మీద. 5 గిగాహెర్ట్జ్, ఛానెల్ 36 పెట్టాను. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్ జాడ అనిపిస్తే పరికరం ఛానెల్ వదిలేయాలన్న నియమం ఉంది, మ్యాచ్ మధ్యలో అది జరిగితే కనెక్షన్ తెగినట్టే. వెడల్పు 80 మెగాహెర్ట్జ్ కాకుండా 40 పెట్టాను. గేమ్‌కి వెడల్పు అక్కర్లేదు, ఇరుకు ఛానెల్‌లో పక్కింటివాళ్లతో గొడవ తక్కువ. పై నెట్‌వర్క్‌కి వేరే పేరు ఇచ్చాను. ఒకే పేరు పెడితే కింద పట్టుకున్న ఫోన్ పైకి వచ్చినా కిందిదాన్నే పట్టుకుని వేలాడవచ్చు. కెమెరాలు కింది రౌటర్ 2.4 మీదే ఉన్నాయి, వాటికి అది చాలు.

ఫోన్‌లో రౌటర్‌కి పింగ్ ఇప్పుడు 3 నుంచి 6, అప్పుడప్పుడు 15. ముంబై 33 నుంచి 42. ల్యాప్‌టాప్ వైర్ మీద 30 దగ్గర నిలబడింది. తల్లి ఫోన్ కూడా పై యాక్సెస్ పాయింట్ మీదకి వచ్చింది. రిపీటర్ పోవడంతో ఆమె వీడియోలు మునుపటి కంటే త్వరగా ఎక్కుతున్నాయి. నిజానికి ఈ పనివల్ల ఎక్కువ లాభపడింది ఆమేనేమో.

తీరనివి

కొన్ని రాత్రులు ఇప్పటికీ పింగ్ 60 దాకా పోతుంది. లాగ్‌లో ఇల్లు, ఆపరేటర్ మొదటి పరికరం రెండూ కదలవు, ఆ తర్వాతే పెరుగుతుంది. అది ఇంట్లో చేసే ఏ పనితోనూ తీరదు. తేదీ, గంటతో సహా లాగ్ చూపించి ఫిర్యాదు చేయమన్నాను. "నెట్ స్లో" అని చెబితే ఆపరేటర్ మనిషి వచ్చి స్పీడ్ టెస్ట్ చేసి, 140 చూపించి వెళ్లిపోతాడు.

కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకునేలోపు బాక్సు, రౌటర్ రీస్టార్ట్ అయ్యేవి. తిరిగి లేచేసరికి మ్యాచ్ పోయేది. రెండింటికీ చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్ పెట్టాం. కొనే ముందు ఒక్కో పరికరం అడాప్టర్ మీద వోల్టేజీ, ఆంపియర్లు చూసుకోవాలి, అన్నీ 12 వోల్టులవే ఉండవు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

గేమ్ ఆగి ఆగి నడుస్తోందని ఫోన్ వస్తే, ఏమేం చేసి చూశారని అడగడంతో ఆపడం లేదు. ఒక్కొక్కటీ చేసి చూసినప్పుడు ఇంట్లో ఇంకెవరు ఏం చేస్తున్నారో కూడా అడుగుతున్నాను. "పనిచేయలేదు" అని పక్కన పెట్టినవాటి జాబితా నాకు చాలా విలువైన సమాచారం. అందులో సరైనవి కూడా ఉండవచ్చు.

డౌన్‌లోడ్ ఎంత అని కాకుండా అప్‌లోడ్ ఎంత అని మొదట అడుగుతున్నాను. క్లౌడ్ కెమెరాలు వచ్చాక చాలా ఇళ్లలో ఇరవై నాలుగు గంటలూ అప్‌లోడ్ నడుస్తూనే ఉంటోంది, ఇంటివాళ్లకి ఆ సంగతి తెలియదు.

రెండు లోపాలున్నట్టు తేలితే, మొదటిది సరిచేసే ముందే ఇంటివాళ్లకి చెబుతున్నాను: ఈ పని అయ్యాక తెరమీద మీకు తేడా కనిపించదు, నేను ఫలానా చోట ఫలానా అంకె చూపిస్తాను, అది తగ్గితే పని సవ్యంగా జరిగినట్టు. ఇలా చెప్పకపోతే డబ్బు పెట్టినవాళ్లకి మధ్యలో నమ్మకం పోతుంది, పోవడం సహజం కూడా.

ఈ ఇంటికి ఒక కాగితం రాసి రౌటర్ దగ్గర గోడకి అంటించాను. అందులో నెట్‌వర్క్ పేర్లు, ఏ వైర్ ఎక్కడికి పోతుందో, హద్దుల అంకెలు ఉన్నాయి. కింద పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాను: ప్లాన్ మార్చిన రోజే ఈ హద్దులు కూడా మార్చాలి. మార్చకపోతే 300 ప్లాన్‌కి డబ్బు కట్టి కూడా 130యే వాడుకుంటారు. ప్లాన్ తగ్గిస్తే హద్దు లైన్ కంటే ఎక్కువైపోయి పాత 350 తిరిగి వస్తుంది.